కొట్టగలిగీ చెయ్యెత్తనివాడు

ఉప్పు సత్యాగ్రహం రోజులు, 1930 మే నెల. బందరు కోనేరు సెంటర్లో తోట నరసయ్య నాయుడు జెండా ఎగరెయ్యబోయాడు. పోలీసులు లాఠీలతో చావబాదారు. స్పృహ తప్పేదాకా ఆయన జెండా వదల్లేదు, తిరగబడనూ లేదు. కుస్తీలు పట్టిన ఒళ్లు అది. తలుచుకుంటే ఇద్దరు ముగ్గుర్ని పడగొట్టి ఉండేవాడే. దీన్ని ఓర్పు అని సరిపెట్టేస్తాం గానీ, నా లెక్కలో ఇది పరిపాలన. తన కోపం మీద తనకే అధికారం ఉన్న మనిషిని ఏ ప్రభుత్వమూ రెచ్చగొట్టలేదు. తెల్లవాళ్లు వెళ్లి వాళ్ల పద్ధతులే మిగిలితే అది స్వరాజ్యం కాదని, ఎవరిని వారు ఏలుకోవడం ముందు నేర్చుకోవాలని గాంధీ 1909లో ‘హింద్ స్వరాజ్’లో రాసింది కూడా దీని గురించే.

అసలు బందరుకి తనను తాను ఏలుకునే ఈ అలవాటు అంతకుముందు నుంచీ ఉంది. ఎం.ఏ., బి.ఎల్. చదివిన కోపల్లె హనుమంతరావు 1910లో మొదలైన ఆంధ్ర జాతీయ కళాశాలకే జీవితం ధారపోశారు. డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య వైద్యం మానేసి ఉద్యమంలోకి దిగారు. 1923లో ఇదే ఊళ్లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. చదువు కావాలి, అప్పు పుట్టాలి. దొరలకు అర్జీలు పెట్టుకుంటూ కూర్చోకుండా ఆ రెండూ తామే మొదలుపెట్టారు.

ఇక మన సంగతి. కాలవ ఎగువన పొలం ఉందనుకోండి. రాత్రిపూట కాలవ కాపలా చూసే లస్కరు ఉండడు. మన నీళ్ల వంతు కాకపోయినా తూము ఎత్తేస్తే అడిగేవాడు లేడు. కోడూరు, నాగాయలంక శివారు భూములు ఎండితే మాత్రం పొద్దున్నే అధికారుల్ని తిడతాం! కాపలా ఉంటేనే వంతు పాటించే ఊరికి రోజురోజుకీ కాపలా పెరుగుతుంది. స్వేచ్ఛ తగ్గేది అక్కడే.

కాబట్టి ఒక్క నియమం పెట్టుకోండి. పది వద్దు, పదీ పోతాయి. వంతు తప్పను అనుకోండి, లేదా కోపంలో ఉండగా ఫోన్లో ఏదీ రాయను అనుకోండి. ఎవరికీ చాటక్కర్లేదు. తప్పితే మర్నాడు మళ్లీ పట్టుకోండి, అంతే.

ఓటు కోసం డబ్బు పెట్టి ఇచ్చే కవరు మాత్రం వేరే రకం. తెచ్చేవాడు పరాయివాడు కాదు, మన వీధి బాబాయో బావో. అందుకే ఎన్నికలకు నెల ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని, తీసుకోకూడదని తేల్చుకోండి. ఆయన గుమ్మంలో నిలబడ్డాక ఆలోచించబోతే మొహమాటం గెలుస్తుంది.