డాక్టరమ్మ చేతిలో ఏముండాలి?

చెల్లీ, కూచిపూడిలో పళ్ళ క్లినిక్కు తెరుస్తున్నావని తెలిసి ఎంత సంతోషపడ్డానో! పామర్రు–చల్లపల్లి రోడ్డు మీద బస్సు దిగి నీ దగ్గరికి వచ్చేవాళ్ళు ఎలాంటివాళ్ళో నాకు బాగా తెలుసు. నొప్పిని లవంగంతో, ఉప్పునీళ్ళ పుక్కిలింతతో, మందుల షాపు బిళ్ళలతో నెలల తరబడి నెట్టుకొస్తారు. నాట్లో కోతలో అయ్యాక, ఇక అన్నం నమలలేని స్థితిలో వస్తారు. వచ్చి, కుర్చీలో కూర్చోకముందే నిన్ను ఎగాదిగా చూసి అడుగుతారు: "ఏమ్మా, మగ డాక్టరుగారు లేరా? దవడ పన్ను కదా, పీకాలంటే బలం ఉండొద్దూ?"

ఆ మాటకి చిన్నబుచ్చుకోకు. దవడ పన్ను తీయడానికి నీకున్న బలం చాలు.

పన్ను వేరుకీ ఎముకకీ మధ్య సన్నటి నారపొర ఉంటుందని కాలేజీలో చదివావు. దాని మందం పావు మిల్లీమీటరుకి అటూ ఇటూ. పన్నును పట్టి ఉంచేవి ఆ నారలే. వాటిని తెంపి, చుట్టూ ఉన్న ఎముకను కాస్త సాగనిస్తే పన్ను చేతికొస్తుంది. అవి తెగకుండా ఫోర్సెప్స్ వేసి లాగితే వేరు విరుగుతుంది, ఒక్కోసారి ఎముక గోడ కూడా పగిలి వస్తుంది. కండబలం ఉన్నవాళ్ళ చేతిలోనే ఈ ముప్పు ఎక్కువ.

అందుకే డబ్బు ఎక్కడ పెట్టాలో ముందే చెబుతున్నా. విజయవాడలో డీలరు పన్నెండు ఫోర్సెప్స్ ఉన్న పెట్టె నీ ముందు పెట్టి, అన్నీ ఇందులోనే ఉన్నాయంటాడు. నువ్వు ముందు ఆ నారలు తెంపే పల్చటి కొసల పనిముట్లు, లక్సేటర్లు, చూపించమను. 3 మిల్లీమీటర్లదీ, 5 మిల్లీమీటర్లదీ, ఒక్కో సైజులో నిటారుదొకటీ వంపుదొకటీ తీసుకో. స్వీడన్‌లో పుట్టిన పనిముట్టు అది. (మనం రోజూ వాడే మత్తుమందు లిగ్నోకెయిన్‌ని 1943లో తయారుచేసింది కూడా ఆ దేశంవాళ్ళే. పన్ను నొప్పి పడేవాళ్ళకి వాళ్ళు చేసిన మేలు తక్కువ కాదు.)

లక్సేటరు పిడి అరచేతిలో ఇమడాలి, చూపుడు వేలు కొసకి దగ్గరగా ఆనాలి. ఆ వేలే నీకు అడ్డుకట్ట. అది లేకుండా కొస జారిందా, నాలుక కిందో అంగిట్లోనో దిగుతుంది. పన్ను మెడ దగ్గర చిగురు కిందికి పోనిచ్చి, వేరు వారనే లోపలికి ఒత్తుతూ మణికట్టును కొద్దిగా అటూ ఇటూ తిప్పు. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. చాలామంది అక్కడే ఓపిక పోయి ఫోర్సెప్స్ అందుకుంటారు. నువ్వు ఆగు. కాసేపటికి కొస ఇంకాస్త లోపలికి దిగినట్టు నీ వేలికే తెలుస్తుంది, చిగురు అంచున రక్తం సన్నగా ఊరుతుంది. అక్కడ ఆపి పక్కకి జరిపి మళ్ళీ అదే పని. పన్ను చుట్టూ తిరిగొచ్చేసరికి అది కదలడం మొదలుపెడుతుంది.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకో, లక్సేటరుతో పన్నును ఎత్తకూడదు. పల్చటి కొస వంగిపోతుంది, విరిగి లోపలే ఉండిపోయినా ఉండిపోతుంది. ఎత్తడానికి ఎలివేటర్లున్నాయి: కూప్లాండ్ 1, 2, 3 నంబర్లు, విరిగిన వేరు ముక్కలకి క్రయర్ జత. ఎలివేటరుకి ఆనుడు ఎముక మీదే, పక్క పన్ను మీద కాదు. పక్క పన్నును కదిలించి ఈ పన్ను తీస్తే మనం చేసిన వైద్యం ఏముంది?

ఇక ఫోర్సెప్స్. పై దవడ పళ్ళకి కుడివైపుకొకటి, ఎడమవైపుకొకటి విడిగా ఎందుకంటే, ఆ పన్నుకి బుగ్గ వైపు రెండు వేర్లు, అంగిలి వైపు ఒకటి. మొన తేలిన కొస బుగ్గ వైపు రెండు వేర్ల మధ్యలో కూర్చోవాలి. పన్ను మెడ ఆకారాన్ని బట్టి కొసలు తీర్చిదిద్దాలని ఇంగ్లండులో జాన్ టోమ్స్ 1841లోనే రాశాడు. అంతకుముందు తాళంచెవి లాంటి పనిముట్టుతో పన్నును పక్కకి మెలితిప్పి పెకలించేవాళ్ళు, దాంతో దవడ ఎముకలే విరిగేవి. కొనేటప్పుడు కొసలు మూసి వెలుతురుకి ఎదురుగా పట్టి చూడు, రెండూ సమంగా కలవాలి. కీలు ఒంటిచేత్తో తెరుచుకోవాలి. పిడి నీ గుప్పిట్లో పట్టాలి. గ్లవ్ తొడుక్కునే చూడు, డీలరు ఏమనుకున్నా సరే.

కొసలు పట్టాల్సింది చిగురు కింద, వేరు మీద. పైకి కనిపించే భాగాన్ని పడితే పుటుక్కున విరుగుతుంది. పట్టాక ముందు లోపలికే ఒత్తాలి. గట్టు మీద పాతిన గుంజను మన రైతు ఎలా తీస్తాడు? అటూ ఇటూ ఊపి, గుంత వదులయ్యాకే పైకి లాగుతాడు. అదే వరస. పై ముందు పళ్ళకి ఒకే గుండ్రటి వేరు గనక కొద్దిగా తిప్పొచ్చు. దవడ పళ్ళని తిప్పకు. కింది దవడ పన్ను వేర్లు బాగా ఎడంగా ఉన్నాయని ఎక్స్‌రేలో కనిపిస్తే కుస్తీ పట్టొద్దు. బర్‌తో, సెలైన్ పోస్తూ, పన్నును రెండుగా కోసి ఒక్కో వేరూ విడిగా తియ్యి. అది చేతకానితనం కాదు, పద్ధతి.

ఎడమచెయ్యి దవడను కాచుకుని ఉండాలి. పై పన్నుకి పేషెంటు నోరు నీ భుజానికి కాస్త కిందుగా, కింది పన్నుకి నీ మోచేతి ఎత్తున ఉండేలా కుర్చీ సర్దుకో. ఎత్తు చాలకపోతే కాళ్ళ కింద పీట వేసుకో, నామోషీ పడకు.

మీ ఊరి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ నాట్యం నేర్చుకునే పిల్లలెందరో. ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి తరంగం ఆడే అమ్మాయి పడి, ముందు పన్ను వేరు దాకా చీలి, తీయక తప్పదనుకో. ఆ పిల్లకి ముఖమే సర్వస్వం. పై ముందు పళ్ళకి పెదవి వైపు ఎముక గోడ చాలామందిలో ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. అది పగిలితే చిగురు లోపలికి కుంగుతుంది, రేపు ఇంప్లాంట్ పెట్టాలన్నా ఆధారం ఉండదు. అందుకని చిగురు కోయకు, పెదవి వైపు పనిముట్టు దించకు. లక్సేటరు కంటే పల్చనైన పెరియోటోమ్‌తో రెండు పక్కల నుంచీ, అంగిలి వైపు నుంచీ నారలు తెంపుతూ పో. అరగంట పడితే పట్టనీ.

మత్తు ఇంజెక్షన్ నిదానంగా, ఒక మిల్లీలీటరుకి నిమిషం చొప్పున ఇవ్వు. "ఒత్తిడి తెలుస్తుందండీ, నొప్పి మాత్రం తెలియకూడదు, తెలిస్తే ఎడమచెయ్యెత్తండి" అని ముందే చెప్పు. చెయ్యెత్తితే నిజంగా ఆగు. ఆ ఒక్క ఆగడంతో వాళ్ళు నిన్ను నమ్ముతారు. పై పన్ను తీయిస్తే కళ్ళు పోతాయని భయపడే మామ్మగార్లు ఇప్పటికీ వస్తారు. కసురుకోకు. చూపు నరం వేరు, పంటి నరం వేరు అని చేత్తో చూపించి చెప్పు.

పనిముట్లు బ్రష్‌తో కడిగి ఆరబెట్టి, కవర్లో పెట్టి ఆటోక్లేవ్ చెయ్యి: 121 డిగ్రీల వేడిలో 15 నిమిషాలు, 134 అయితే 3 నిమిషాలు. కవరు పేషెంటు కళ్ళ ముందే విప్పు. లక్సేటర్లకి తరచూ సాన పట్టు, మొద్దుబారిందాన్ని ట్రేలో ఉంచకు.

పన్ను ముట్టుకునే ముందు బీపీ, షుగరుతో పాటు గుండె మాత్రల సంగతి అడుగు. రక్తం పలచన చేసే మాత్రలు వాళ్ళంతట వాళ్ళని ఆపనివ్వకు, గుండె డాక్టరుని అడిగి నిర్ణయించు. ఎముకలు గుల్లబారకుండా ఏడాదికోసారి ఇంజెక్షన్ చేయించుకునే పెద్దవాళ్ళుంటారు. పన్ను తీసిన చోట దవడ ఎముక మానకుండా చచ్చుబడే ప్రమాదం వాళ్ళకి ఉంది. అలాంటివాళ్ళనీ, జ్ఞానదంతం వేరు నరానికి ఆని ఉన్నవాళ్ళనీ విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాలకి పంపు. నువ్వు చూసిందంతా చీటీ మీద తెలుగులోనూ రాసి, ఎక్స్‌రేతో పాటు వాళ్ళ చేతికివ్వు. సాయంత్రం ఒక ఫోను చేసి, వెళ్ళారో లేదో కనుక్కో.