మాఘ ఫాల్గుణ సేద్యము: రాలిన ఆకు

మాఘమాసము నడుమకు వచ్చునప్పటికి హైదరాబాదు అశోక్‌నగర్ సందులలో తెల్లవారుజామున చీపురు చప్పుడు మారును. తక్కిన నెలలన్నియు మట్టిని గీరుచుండెడి ఆ చప్పుడు ఇప్పుడు ఎండుటాకుల గలగలగా వినవచ్చును. బాదమాకు ఎఱ్ఱబారి విస్తరాకువలె నేలబడును. రావి తన పాత ఆకును దులిపివేసి రాగిరంగు లేజిగురు తొడుగుకొనును. వేప ఫాల్గుణములో ఒక్కుమ్మడిగా రాల్చి ఉగాదినాటికి పూతతో నిలుచును. చిక్కడపల్లిలో పాత ఇండ్లు పోయి అపార్టుమెంట్లు లేచినను ప్రహరీల వెంబడి ఆ చెట్లు కొన్ని మిగిలియే యున్నవి. నారాయణగూడలో మెల్కోటే పార్కు ప్రక్కగా నడచువారి నెత్తిన ఇప్పటికిని రెండాకులు పడకపోవు.

ఈ ఆకునంతయు గోడమూలకు ఊడ్చి, అగ్గిపుల్ల గీచివేసి, చేతులు దులుపుకొని కాఫీకై లోపలికి పోవుట మనలో చాలమందికి తరతరములనుండి వచ్చిన అలవాటు. ఈ ఋతువున ఆ పొగ పైకి పోదు. రాత్రి చల్లబడిన గాలి నేలనంటి యుండగా దానికి పైని వెచ్చనిగాలి మూతవలె కప్పియుండును. ఎండ బాగుగ ఎక్కువరకు ఆ మూత తొలగదు. అందుచేత ఆరుగంటలకు రగిలించిన పొగ తొమ్మిదింటిదాక సందులోనే తిరుగాడుచుండును. గ్రూప్స్ పరీక్షలకై జిల్లాలనుండి వచ్చి, అశోక్‌నగర్ హాస్టళ్ళలో గదికి ముగ్గురు నలుగురు చొప్పున సర్దుకొని, కిటికీ తెరచుకొని చదువుకొను పిల్లలు ఆ పొగనే పీల్చుచుందురు. సాయంకాలము రగిలించినచో నగర కేంద్ర గ్రంథాలయములో పుస్తకము ముందు కూర్చున్నవారికిని, త్యాగరాయ గానసభలో గొంతు సవరించుకొను గాయకులకును అందులో భాగము ముట్టును.

గత వారము అశోక్‌నగర్ వాస్తవ్యులైన ఒక పెద్దమనిషి, ఉద్యోగ విరమణానంతరము పెరటి సేద్యమున పడినవారు, నన్ను త్రోవలో ఆపి యడిగిరి: “ఏమండీ, మా అల్లుడు అమెరికాలో పెరటి ఆకు కాల్చుకొనుటకు అనుమతి కాగితము తెచ్చుకొందునని చెప్పినాడు. మనమిక్కడ ఎవరికి దరఖాస్తు పెట్టుకోవలెను?” ప్రశ్న సబబైనదే. అల్లుడు చెప్పినదియు నిజమే. నార్త్ కరోలినా వంటి రాష్ట్రములలో అడవుల సమీపమున నివసించువారికి అక్కడి అటవీశాఖ అట్టి అనుమతి నిచ్చును. గాలివాటము ప్రమాదకరముగ నున్న దినములలో ఆ అనుమతిని రద్దుచేయును. ఎకరాల కొలది స్థలము నడుమ ఒక యిల్లుండు చోట ఏర్పడిన పద్ధతి యది. గోడకు గోడ అంటిన చిక్కడపల్లిలో దరఖాస్తు పెట్టుకొనుటకు కార్యాలయమును లేదు, ఇచ్చెడి అధికారియు లేడు. ఏలయన ఈ దేశమున పెరటిచెత్త కాల్చుటకు అనుమతి యను పద్ధతియే యేర్పడలేదు, నిషేధము మాత్రమే యున్నది.

ఆ నిషేధపు స్వరూపమును కొంచెము నిదానముగ చూడవలెను, ఏలయన ఇందు ఒక సందు కలదని వాదించువారు నాకు తెలియుదురు. 2016 ఏప్రిల్ నెలలో కేంద్రప్రభుత్వము ప్రకటించిన ఘనవ్యర్థ నియమములలో, చెత్తను వీధులలోను, తన ఆవరణకు వెలుపలి బహిరంగ స్థలములలోను, కాలువలలోను, చెరువులలోను పారవేయుటగాని కాల్చుటగాని పూడ్చుటగాని కూడదని యుండెను. “వెలుపల గదా కూడదన్నారు, నా గోడకు లోపల నా యిష్టము” అని వారి వాదము. అదే నియమములలో మరికొంచెము పైన, తోటచెత్తను ఎవరి ఆవరణలో వారు విడిగా నిలువచేసి నగరపాలక సంస్థ చెప్పిన విధమున వదిలించుకొనవలెనని వ్రాసియుండెను. అందు నిప్పు ప్రస్తావన లేకుండెను. మిగిలిన సందును 2016 డిసెంబరు 22న జాతీయ హరిత ట్రైబ్యునల్ మూసివేసినది. అల్మిత్రా పటేల్ వేసిన వ్యాజ్యములో ఇచ్చిన ఆ తీర్పు, దేశమంతట బహిరంగముగ చెత్త కాల్చుటను పూర్తిగా నిషేధించి, సాధారణముగ కాల్చినవారికి 5,000 రూపాయలును, పెద్దమొత్తమున కాల్చినవారికి 25,000 రూపాయలును జరిమానా నిర్ణయించెను. ఇంతకన్న పాతది 1860 నాటి శిక్షాస్మృతి. పదిమంది పీల్చు గాలిని చెఱచుట నేరమని దాని 278వ సెక్షనులోనే యుండెను, 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలోను ఆ మాట నిలిచినది.

పెద్దమనిషి ఇంతయు విని, “మరి బూడిద మొక్కలకు బలము గదా!” అనిరి. బూడిదలో పొటాషు కొంత, సున్నము కొంత మిగులుట నిజమే. కాని ఆకులోని నత్రజనియు, కర్బనమును చాలవరకు పొగవెంట పోవును. మొక్కకు ఆకు నిచ్చునది నత్రజని, మట్టిని గుల్లపరచి నీటిని పట్టియుంచునది కర్బనము. టన్ను వరిగడ్డి కాల్చినచో 5.5 కిలోల నత్రజని గాలిలో కలియునని వ్యవసాయ శాస్త్రజ్ఞులు లెక్క చెప్పుదురు. కోత పిమ్మట కొయ్యకాళ్ళకు నిప్పుపెట్టు రైతును మనము తప్పుపట్టుచు, మన పెరటిలో అదే పని చిన్నయెత్తున చేయుచున్నాము. ఆ రైతుకు తరువాతి నాటుకు వ్యవధి లేదను సాకైన ఉన్నది. మనకు అదియును లేదు.

వేపాకు పొగకు దోమలు పోవునని మరియొక మాట. గుప్పెడు వేపాకు నిప్పులమీద వేసి క్షణకాలము గదిలో త్రిప్పుట వేరు, గంపెడాకు మంచుతడితో గంటలకొలది మండకుండ రాజుకొనుచుండుట వేరు. తడియాకు మంటపట్టక పొగయుటలోనే కార్బన్ మోనాక్సైడును, ఊపిరితిత్తుల లోపలివరకు దూరు సూక్ష్మధూళియు అధికముగ పుట్టును. మామిడిపూతకు పొగ మంచిదను నమ్మకమునకు మాత్రము కొంత ఆధారము లేకపోలేదు: ఫిలిప్పీన్సు రైతులు పూర్వము చెట్లక్రింద దినములతరబడి పొగ పెట్టి పూత రప్పించెడివారు, 1970 ప్రాంతమున పొటాషియం నైట్రేటు పిచికారీతో అదే ఫలము కలుగునని రామన్ బార్బా యను శాస్త్రజ్ఞుడు చూపిన పిమ్మట ఆ శ్రమ తగ్గినది. ఇంతకును మన మామిడి మాఘమునకే పూతమీద నుండును. పూచిన చెట్టుక్రింద అరగంట పొగ పెట్టినందువలన ఒరుగునది యేమియు లేదు.

ఈ విషయమున నాకును ఒక చేదు అనుభవము కలదు. చాల యేండ్ల క్రిందట, ఇంత తెలియని దినములలో, పెరటి జామచెట్టు మొదటనే ఆకు పోగువేసి కాల్చితిని. మంట మోకాలెత్తైనను లేవలేదు. ఆ యేడు కాయ కాచినది. మరుసటియేడు ఒకవైపు కొమ్మలెండినవి. బెరడు చేతితో తీసిచూడగా క్రిందిపొర నల్లబడియుండెను. ఆహారము వేళ్ళకు దిగివచ్చు త్రోవ ఆ పొరయే గనుక, అది మాడిన మేర చెట్టు పస్తుండును. మాడిన చోట తొలుచుపురుగు చేరును. వీధిలోని కానుగ, తురాయి చెట్ల మొదళ్ళకు చెత్త చేర్చి నిప్పు పెట్టువారు ఈ సంగతి యెరుగరు. తొలకరి గాలికి ఆ చెట్లు కూలినప్పుడు మాత్రము గాలిని నిందింతురు.

ఇక చేయవలసిన పని. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల చోటు గోడకు జానెడు ఎడముగ చూచుకొని, ఇటుకలు సందులిడి పేర్చుడు, లేదా ఇనుపవలను గుండ్రముగ నిలబెట్టుడు. ఎండుటాకులో ఒకపాలు నత్రజనికి 50, 60 పాళ్ళ కర్బనముండును. కుళ్ళించు సూక్ష్మజీవులకు 25 నుండి 30 పాళ్ళు హితము. కావున రెండు మూడు గంపల ఎండుటాకునకు ఒక గంప పచ్చిది, అనగా కూరగాయల తొక్కలు, కోసిన గడ్డి, వాడిన పూవులు కలుపవలెను. పొరపొరకును పేడనీళ్ళు చల్లుడు. పేడ దొరకనిచో పాత ఎరువు దోసెడు చాలును. తడి యెంత యుండవలెననగా, పిడికిట పట్టి పిండినచో ఒకటి రెండు చుక్కలు మాత్రము రాలవలెను. నాలుగైదు దినములకు పోగులోపల చేయి పెట్టనీయని వేడి పుట్టును. ఆ వేడియే కలుపువిత్తులను, పురుగుగ్రుడ్లను చంపును. పదిహేను దినముల కొకసారి పైది క్రిందికి త్రిప్పుచు, ఎండలు ముదిరిన కొలది వారమునకు రెండుసార్లు నీళ్ళు చిలుకరించుచుండుడు. వ్యవసాయ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ హోవర్డ్ దొర ఇండోరులో 1931 నాటికి నిలబెట్టి లోకమునకు చాటిన పద్ధతికి ఇది పెరటి రూపము. ఆయన నేర్చుకొన్నదియు కొంత ఈ దేశపు రైతుల నుండియే.

బాదమాకు నలిపి వేయవలెను, లేనిచో ఒకదానిపై నొకటి అంటుకొని నీరు దిగనీయదు. కొబ్బరిమట్టలు పోగులో చివుకవు. ఈనెలు తీసి చీపుళ్ళకు వాడి, మట్టను నరికి చెట్టు పాదులో పరచుడు. అపార్టుమెంటు వారు అడుగున చిల్లులు పెట్టిన పాత డ్రమ్ములో ఇదే పని చేసికొనవచ్చును. ఆకులో పాలిథిన్ సంచి కనబడినచో ఏరివేయుడు. మిగిలినదానిని చెత్త సేకరించు స్వచ్ఛ ఆటోకు విడిగా ఈయవలెను. అశోక్‌నగర్ ప్రక్కగా పోవు హుస్సేన్‌సాగర్ నాలాలోనికి మాత్రము విసరరాదు. 2020 అక్టోబరులో ఆ నాలా పొంగి ఇండ్లలోనికి వచ్చినది ఈ పేటవారు మరచియుండరు.

పోగు వేయు ఓపిక లేనివారు ఇంకను సులభమైన పని చేయవచ్చును. ఇప్పుడు విత్తెడి బెండ, గోరుచిక్కుడు, బీర, సొర, తోటకూర మళ్ళలో మొలక జానెడెత్తు పెరిగిన పిమ్మట, కాండమునకు బెత్తెడు దూరము వదలి, రెండు మూడంగుళముల మందమున ఎండుటాకు పరచినచో మట్టి చల్లగ నుండి, నీరు పెట్టవలసిన పని గణనీయముగ తగ్గును. చెదలు భయమున్నచో క్రింద కొంచెము వేపపిండి చల్లుడు. చెట్టు ఆకు రాల్చుటయు, మట్టికి కప్పు కావలసివచ్చుటయు ఒక్క ఋతువుననే సంభవించుచుండగా, ఆ కప్పును తగులబెట్టి పిమ్మట నీళ్ళ ట్యాంకరుకై ఎదురుచూచుట నాకు వింతగ తోచును.

భోగిమంట మాటేమని అడుగువారుందురు. సంక్రాంతి ముందునాటి ఆ మంట సంవత్సరమునకొక్కటి. దానిలో పిడకలును ఎండుకట్టెయు తప్ప టైర్లు, ప్లాస్టిక్కు వేయకున్న చాలునని నా యభిప్రాయము, చట్టములో మినహాయింపు వ్రాసియున్నదని మాత్రము చెప్పను. అనుమతియే కోరువారికి ఒక కార్యాలయమును చూపగలను: ఆకు బాధ పడలేక చెట్టునే కొట్టివేయ దలచినచో, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టము ప్రకారము, సొంత స్థలములోని చెట్టైనను అటవీశాఖ అనుమతి లేక నరుకరాదు.

పెద్దమనిషి గోడమూల ఇటుకలు పేర్చినారట. ఈ మాఘమున వేసిన పోగు మృగశిర కార్తెకు నల్లని ఎరువై చేతికి వచ్చును. అప్పటికి చిక్కుడు విత్తనము సిద్ధముగ నుంచుకొనుడు.