నూర్పు యంత్రం మీద గద్ద

కామర్సు తరగతిలో ట్రేడ్‌మార్కుల పాఠం నడుస్తుండగా మా మేష్టారు ఒక బొమ్మ చూపించారు. భూగోళం మీద కాళ్లు బిగించి కూర్చున్న తెల్లతల గద్ద. "ఇది ఏ సరుకు గుర్తో చెప్పండి" అన్నారు. ఒకడు విమానాలన్నాడు, ఇంకొకడు తుపాకులన్నాడు. రెండూ కావట. ధాన్యం నూర్చే యంత్రాలట! కళ్లంలో గద్దకేం పని, కోడిపిల్లల్ని ఎత్తుకుపోవడం తప్ప? ఆ సందేహంతో లైబ్రరీకి పోయి చదివి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

మాది పాచిపెంట. మావైపు పల్లపు పొలాల్లో పనలు కళ్లంలో పరిచి, ఎడ్లను గుండ్రంగా తిప్పి నూర్చేవారు. తరువాత గాలివాటం చూసి చేటలతో తూర్పారబట్టేవారు. ఈ రెండు పనులూ ఒక్క యంత్రంతో జరిపించి పేరు తెచ్చుకున్నవాడు అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన జెరోమ్ కేస్. 1842లో వ్యాపారం మొదలుపెట్టి, రసీన్ పట్టణంలో పెద్ద కర్మాగారం నిలబెట్టాడు.

ఇక గద్ద సంగతి. 1861 వసంతంలో ఆ రాష్ట్రపు అడవుల్లో ఒజిబ్వే తెగకు చెందిన అగామావేగెజిగ్ అనే అతను చెట్టు పడగొట్టి గద్దపిల్లను పట్టాడు. దాన్ని డేనియల్ మెకాన్ అనే రైతుకిచ్చి ఒక బుషెల్ మొక్కజొన్న పుచ్చుకున్నాడు. బుషెల్ అంటే మన కుంచంలాగే ఒక కొలత; గింజలైతే సుమారు 25 కిలోలు తూగుతాయి. మెకాన్ ఆ పిల్లను ఓక్లేర్ పట్టణంలో సైన్యంలో చేరబోతున్న కుర్రాళ్లకు రెండున్నర డాలర్లకు అమ్మేశాడు. వాళ్లు దానికి అబ్రహాం లింకన్ పేరు మీద 'ఓల్డ్ ఏబ్' అని పేరు పెట్టి, జెండా పక్కనే కర్రమీద కూర్చోబెట్టుకుని అంతర్యుద్ధానికి వెళ్లారు. 8వ విస్కాన్సిన్ పటాలంతో పాటు కొరింత్, విక్స్‌బర్గ్ యుద్ధాలు చూసి, 1864లో ఆ పక్షి ప్రాణాలతో తిరిగొచ్చింది!

పటాలం బయలుదేరే రోజుల్లోనే కేస్ ఆ గద్దను చూశాడని కంపెనీ చెప్పుకునే కథ. 1865లో దాన్నే తన యంత్రాలకు గుర్తుగా పెట్టుకున్నాడు. నాకు అసలు పాఠం ఇక్కడే దొరికింది. గద్దకూ నూర్పుకూ ఏ సంబంధమూ లేదు, సంబంధమల్లా కొనేవాడితోనే. యుద్ధం నుంచి ఇల్లు చేరి మళ్లీ నాగలి పట్టిన సైనికుడికి ఆ గద్ద తన తోటివాడు. పైగా వేరే దేశాల నుంచి వలసవచ్చి, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన రైతుకు అక్షరాలకన్నా బొమ్మే తేలిక. మా సంతలో అగ్గిపెట్టెను ఈనాటికీ బొమ్మపేరుతో అడిగేవాళ్లున్నారు మరి. తరువాత ఆ గద్దను భూగోళం మీదికెక్కించారు. కంపెనీ అంగళ్ల ముందు ఇనప విగ్రహాలుగానూ వెలిసింది.

అసలు పక్షి రాష్ట్ర రాజధాని భవనంలో పెరిగింది. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనకూ వెళ్లింది. 1881లో భవనం నేలమాళిగలో మంటలు లేచి, ఆ పొగ సోకి చనిపోయింది. లోపల కూరుపెట్టి దాచిన దాని శరీరం కూడా 1904లో అదే భవనానికి నిప్పంటుకున్నప్పుడు కాలిపోయింది. కంపెనీ మాత్రం 1969 దాకా బొమ్మను వాడుకుని, అప్పుడు తీసేసింది.

సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఈ కథ మా మామ్మకు చెప్పాను. చింతపండు, చోళ్లు తలమీద మోసుకుని కొండ దిగి, షావుకారు కుంచానికి కొలిచి ఏళ్ల తరబడి మోసపోయిన మనిషి. యుద్ధం, ఊరేగింపులు, భూగోళం అన్నీ వినిపించాను. అన్నింటికీ ఊ కొట్టి చివరికి ఒక్కమాటే అడిగింది:

"అయితే బాబూ, గెద్దనిచ్చినోడికి కొలిచిన కుంచం సరైందేనా?"