నీటి తీరువా బాకీ: కుర్రాళ్లకు చెప్పిన అయిదు మాటలు

ఆత్మకూరు అవతల ఒక చెరువు కింద మాకు మూడెకరాలు. నీటి సంఘం అధ్యక్షుడిగా రెండు దఫాలు పనిచేశాను. 2024 డిసెంబరు సంఘం ఎన్నికల్లో గెలిచిన కుర్రాళ్లు ఇంటికొచ్చి, "పెదనాయనా, పాత బాకీ ఎట్లా తేల్చాల?" అన్నారు.

1. ముందు ఆ అంకె ఎట్లా పుట్టిందో చూడండి. తీరువా సంఘం వెయ్యదు. రెవెన్యూ వాళ్లూ ఇరిగేషన్ వాళ్లూ కలిసి పొలాల మీద తిరిగి అజమాయిషీ చేస్తారు. ఆ లెక్కే డిమాండవుతుంది. ప్రాజెక్టు కింద మొదటి కారు వరికి ఎకరాకు 200 రూపాయలు, చిన్న చెరువు కింద 100. సోమశిల కాలువ కింద పారిన పొలానికి 200 భారం కాదు. గండిపాలెం ప్రాజెక్టు సంగతి వేరు. పిల్లాపేరు వాగు పారితేనే అక్కడ నీళ్లు. ఒక ఏడు మా చెరువులో తూము దాకా కూడా నీళ్లు రాలేదు. అయినా చివరి కయ్యలన్నీ వరి కింద ఎక్కాయి. అజమాయిషీ రోజు మేమంతా తిరునాళ్లలో ఉన్నాం. తప్పుడు లెక్క వడ్డీతో పెరిగింది. పంట ఎండితే రెమిషన్, అంటే తీరువా తగ్గింపు, అడగొచ్చు, కానీ కళ్లాలు ఎత్తేశాక అడిగితే చూపించడానికి పొలంలో ఏముంటుంది?

2. రసీదు దాచండి. కరణాలు 1984లోనే పోయారు, "ఆయనకు తెలుసులే" అనే రోజులు వాళ్లతోనే పోయాయి. మా ఇంట్లో రసీదులు బియ్యం డబ్బాలో ఉండేవి. సగం ఎలుకలు తిన్నాయి. ఆ సగానికి మళ్లీ కట్టాను.

3. మనకు రావాల్సింది వేరు, మనం కట్టాల్సింది వేరు. 1997 నీటి సంఘాల చట్టం వచ్చాక పూడికతీత, తూము మరమ్మతు సంఘాలే చేశాయి. అప్పు తెచ్చి షట్టరు వేయించాను, ఎంబుక్‌లో (కొలతల పుస్తకంలో) పని ఎక్కినా బిల్లుకు మూడేళ్లు పట్టింది. కోపమొచ్చి, "బిల్లు రానిదే తీరువా కట్టం" అని తీర్మానం రాశాం. తీరువా తహసీల్దారు పద్దు, బిల్లు ఇరిగేషన్ పద్దు. ఒకటి ఇంకొకదాన్ని కొట్టెయ్యదు. మా తీర్మానం ఎవరూ చదివినట్టు కూడా లేదు.

4. జప్తు మాటకు బెదరొద్దు, తేలిగ్గానూ తీసుకోవద్దు. తీరువా బాకీని భూమి శిస్తు బాకీలాగే 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం కింద వసూలు చెయ్యొచ్చు. నేను మాత్రం నోటీసులే చూశాను, జప్తు చూడలేదు.

5. వడ్డీ మాఫీ వస్తే అసలు కట్టెయ్యండి. 2025లో అట్లాగే వచ్చింది. ఏటికేడు కట్టినోళ్లు, "మాకేం ఒరిగింది?" అన్నారు. వాళ్లకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు.

ఇంకోటి. బాకీల జాబితా రచ్చబండ మీద చదివించేటప్పుడు అధ్యక్షుడి పేరు ముందు చదివించండి. నా పేరు మీద రెండేళ్లది ఉండేది. లస్కరు దాన్ని గట్టిగానే చదివాడు.