కాలేజీ లెక్చర్లకు వాయిస్ రికార్డర్: ఏది కొనాలి, అసలు కొనాలా?

కాలేజీలు తెరిచారంటే చాలు, మా కోహీర్ నుంచి జహీరాబాద్, సంగారెడ్డి, హైదరాబాద్ పోయి చదువుకునే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే: "అన్నా, లెక్చర్లు రికార్డ్ చేసుకోవడానికి మంచి వాయిస్ రికార్డర్ ఏది?"

ఈ ప్రశ్న వెనక అసలు కష్టం ఒకటి ఉంది. పది వరకు తెలుగు మీడియంలోనో ఉర్దూ మీడియంలోనో చదివిన స్టూడెంట్ డిగ్రీకి రాగానే క్లాసంతా ఇంగ్లిష్‌లో ఉంటుంది. లెక్చరర్ చెప్పే స్పీడుకి నోట్స్ రాయడం కుదరదు. రాస్తూ కూర్చుంటే వినడం పోతుంది, వింటూ కూర్చుంటే రాయడం పోతుంది. ఊళ్లో ఆ సబ్జెక్టుకి ట్యూషన్ దొరకదు. అలాంటప్పుడు ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ వినగలిగే రికార్డింగ్ ఒకటి ఉంటే సబ్జెక్టు పాసవడానికీ బ్యాక్‌లాగ్ పడటానికీ మధ్య తేడా అదే కావచ్చు. అందుకే స్పెక్స్ జాబితా ముందేసుకోకుండా అసలు సంగతి నుంచి మొదలుపెడదాం.

అసలు సంగతి ఒక్క ముక్కలో: రికార్డర్ ఏ కంపెనీది అన్నదాని కంటే, మైక్‌కీ లెక్చరర్ నోటికీ మధ్య ఎంత దూరం ఉంది అన్నదే ముఖ్యం.

దూరం లెక్క

దూరం రెట్టింపు అయినప్పుడల్లా నేరుగా వచ్చే గొంతు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మొదటి బెంచి లెక్చరర్‌కి 2 మీటర్ల దూరంలో, చివరి బెంచి 8 మీటర్ల దూరంలో ఉందనుకోండి. రెండుసార్లు రెట్టింపు, అంటే 12 డెసిబెల్స్ పోయినట్టే. శక్తిలో చూస్తే పదహారో వంతే మిగులుతుంది. మీ నెత్తి మీద తిరిగే ఫ్యాన్ చప్పుడు మాత్రం మొదటి బెంచిలో ఎంతో చివరి బెంచిలో కూడా అంతే. గోడలకు తగిలి వచ్చే ప్రతిధ్వని వల్ల వెనక బెంచికి కూడా గొంతు వినపడుతుంది కానీ, మాటలు ఒకదాని మీద ఒకటి పడి ముద్దగా ఉంటాయి.

మన చెవి, మెదడు కలిసి ఫ్యాన్ చప్పుడుని పక్కకు నెట్టి గొంతు మీదే ధ్యాస పెట్టగలవు. మైక్‌కి ఆ తెలివి లేదు, అన్నిటినీ సమానంగా తీసుకుంటుంది. "క్లాసులో బాగానే వినపడింది, రికార్డింగ్‌లో ఏం అర్థం కావట్లేదు" అనడానికి కారణం ఇదే.

దీనికి మంచి ఉదాహరణ మన పక్కనే ఉంది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న 90.4 ఎఫ్‌ఎంలో ప్రసారాలు మొదలుపెట్టింది. చేలల్లో పనిచేసే ఆడవాళ్లే అక్కడ ప్రోగ్రాములు తయారు చేస్తారు. రేడియో పని ఏదైనా ఒకసారి గమనించండి: మైక్ మనిషి దగ్గరికి పోతుంది, మనిషి గొంతు మైక్‌ని వెతుక్కుంటూ రాదు. క్లాసులో మనం లెక్చరర్ పక్కన మైక్ పట్టుకుని నిలబడలేం కాబట్టి, కనీసం మొదటి రెండు బెంచీల్లో కూర్చోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

ముందు ఫోన్‌ని పరీక్షించండి

మీ జేబులో ఉన్న ఫోన్ కూడా వాయిస్ రికార్డరే. కొత్తది కొనే ముందు వారం రోజులు దాంతోనే ప్రయత్నించండి. నేను అందరికీ చెప్పే పద్ధతి ఇది:

1. ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేయండి. లేదంటే మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు.

2. ఫోన్ అడుగు భాగం, అంటే ఛార్జింగ్ పోర్ట్ ఉన్న వైపు, లెక్చరర్ వైపు తిప్పి పెట్టండి. మెయిన్ మైక్ ఎక్కువ ఫోన్లలో అక్కడే ఉంటుంది.

3. ఫోన్‌ని నేరుగా బెంచి మీద పెట్టొద్దు. కింద నాలుగు మడతలు పెట్టిన కర్చీఫ్ వేయండి. పక్కవాడు పెన్ను పడేసినా, మోచేయి ఆనించినా వచ్చే దడదడ చాలావరకు తగ్గుతుంది.

4. రికార్డింగ్ యాప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ ఆఫ్ చేయండి. ఆండ్రాయిడ్ 9 నుంచి బ్యాక్‌గ్రౌండ్‌లో ఊరికే ఉన్న యాప్‌లకు మైక్ అందదు. అందుకే మంచి రికార్డింగ్ యాప్ పనిచేస్తున్నంతసేపూ పైన నోటిఫికేషన్ చూపిస్తుంది. అది కనపడకపోతే అనుమానించాల్సిందే.

ఇలా చేసిన రికార్డింగ్‌ని ఇంటికొచ్చి ఇయర్‌ఫోన్స్‌తో వినండి. పది వాక్యాల్లో తొమ్మిది స్పష్టంగా అర్థమైతే మీకు రికార్డర్ అక్కర్లేదు. ఆ డబ్బులు పుస్తకాలకు పెట్టుకోండి.

మరి రికార్డర్ ఎవరికి?

మూడు సందర్భాల్లో విడిగా రికార్డర్ కొనడం సబబే. ఒకటి, కాలేజీలోకి ఫోన్ తేనివ్వకపోవడం. రెండు, పొద్దున బస్సెక్కితే సాయంత్రం దాకా ఛార్జింగ్ పెట్టే చోటు లేక, ఫోన్ బ్యాటరీ రికార్డింగ్‌కే అయిపోవడం. మూడు, ఫోన్ ఇంట్లో ఇద్దరు ముగ్గురికి కలిపి ఒకటే ఉండటం. మన దగ్గర మూడోది చాలా ఇళ్లలో నిజం, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

కొనేటప్పుడు ఇవి చూడండి:

బ్యాటరీ: ట్రిపుల్ ఏ సెల్స్‌తో నడిచేదైతే మంచిది. అయిపోతే ఏ కిరాణా కొట్టులోనైనా కొత్తవి దొరుకుతాయి. రీఛార్జబుల్ సెల్స్ నాలుగు కొని పెట్టుకుంటే ఖర్చు ఇంకా తగ్గుతుంది.

యూఎస్‌బీ: రికార్డర్‌లోంచే బయటకు వచ్చే యూఎస్‌బీ ఉంటే కేబుల్ బాధ ఉండదు. ల్యాప్‌టాప్ లేనివాళ్లు ఓటీజీ అడాప్టర్‌తో ఫోన్‌కి కలిపి ఫైళ్లు తీసుకోవచ్చో లేదో కొనేముందు కనుక్కోండి.

లో కట్ ఫిల్టర్: ఫ్యాన్, ఏసీ, బయట రోడ్డు మీది లారీల గుంయ్‌మనే కింది స్థాయి శబ్దాన్ని ఇది కోసేస్తుంది. మెనూలో ఉంటే ఆన్ చేసుకోండి.

మైక్ సాకెట్: బయటి మైక్ పెట్టుకునే 3.5 మిల్లీమీటర్ల సాకెట్ ఉంటే తర్వాత పనికొస్తుంది.

"32 జీబీ, 500 గంటలు, హెచ్‌డీ నాయిస్ క్యాన్సిలేషన్" అని పెద్ద అక్షరాలు వేసి, కంపెనీ పేరు ఎక్కడా వినని పెన్ను రికార్డర్లు, కీచైన్ రికార్డర్లు ఆన్‌లైన్‌లో బోలెడు. వాటిలో మైక్ చీమ తల అంత ఉంటుంది, బ్యాటరీ మార్చడం కుదరదు. దూరంగా ఉండండి.

మోడళ్ల సంగతి

సోనీ ఐసీడీ-పీఎక్స్470: స్టీరియో మైక్, 4 జీబీ మెమొరీ, మైక్రో ఎస్‌డీ స్లాట్, రెండు ట్రిపుల్ ఏ సెల్స్, బయటకు జరిగే యూఎస్‌బీ. ఎంపీ3 128 కేబీపీఎస్‌లో 55 గంటల దాకా నడుస్తుందని కంపెనీ లెక్క. లెక్చర్లకు కావాల్సినవన్నీ ఇందులో ఉన్నాయి. నన్నడిగితే స్టూడెంట్‌కి ఇది చాలు.

సోనీ ఐసీడీ-యూఎక్స్570: సన్నగా ఉంటుంది, లోపలే రీఛార్జబుల్ బ్యాటరీ. మూడు నిమిషాలు ఛార్జ్ చేస్తే దాదాపు గంట రికార్డ్ చేయొచ్చని కంపెనీ చెబుతుంది. రోజూ ఛార్జింగ్‌కి వీలున్న హాస్టల్ వాళ్లకు నప్పుతుంది.

జూమ్ హెచ్1ఎన్: పాటలు, వీడియోలు చేసేవాళ్లది. క్వాలిటీ గొప్పగా ఉంటుంది కానీ సెల్స్ 10 గంటలే వస్తాయి. యూట్యూబ్ ఛానల్ కూడా నడిపేవాళ్లయితేనే ఆలోచించండి.

స్టాక్, ధర రెండూ మారుతుంటాయి. వారంటీ బిల్లు లేకుండా కొనొద్దు.

సెట్టింగ్స్, మెమొరీ లెక్క

సీడీ క్వాలిటీ వేవ్ ఫైల్ గంటకి సుమారు 635 ఎంబీ తింటుంది. ఎంపీ3 128 కేబీపీఎస్ అయితే గంటకి 58 ఎంబీ. 64 కేబీపీఎస్ మోనో అయితే 29 ఎంబీ. ఒక్క మనిషి మాటకి 64 మోనో కూడా పర్వాలేదు, 128 అయితే హాయిగా సరిపోతుంది.

రోజుకి నాలుగు గంటలు, వారానికి ఆరు రోజులు, 15 వారాల సెమిస్టర్ అనుకుంటే 360 గంటలు. 64 మోనోలో ఇది సుమారు 10.4 జీబీ. అంటే 16 జీబీ కార్డులో సెమిస్టరంతా పడుతుంది. 128లో అయితే 32 జీబీ కార్డు కావాలి. కార్డు నకిలీది కాదని హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పరీక్షించుకోండి. నకిలీ కార్డు నిండాక పాత ఫైళ్లు పాడవుతాయి, అది పరీక్షల ముందు తెలిస్తే చేసేదేమీ ఉండదు.

వాయిస్ యాక్టివేషన్ అనే ఆప్షన్ ఆఫ్‌లోనే ఉంచండి. గొంతు వినపడ్డాకే రికార్డింగ్ మొదలవుతుంది కాబట్టి వాక్యంలో మొదటి ముక్క ఎగిరిపోతుంది. "నాట్" అన్న మాట ఎగిరిపోతే అర్థమే తిరగబడుతుంది.

ఇంకో చిట్కా: లెక్చరర్ మొదలుపెట్టక ముందే రికార్డింగ్ ఆన్ చేసి, ఓ ఐదు సెకన్లు ఫ్యాన్ చప్పుడు మాత్రమే పడనివ్వండి. తర్వాత ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ ముక్కని శాంపిల్‌గా చూపించి నాయిస్ రిడక్షన్ కొడితే ఫైలంతటా ఆ చప్పుడు తగ్గుతుంది. మరీ ఎక్కువ పెంచితే గొంతు బకెట్లోంచి వచ్చినట్టు ఉంటుంది, కొంచెం చాలు.

వినకపోతే దండగ

360 గంటలు రికార్డ్ చేశారంటే వినడానికి కూడా 360 గంటలు కావాలి. ఎవరూ వినరు. కాబట్టి క్లాసులో అర్థం కాని చోట నోట్‌బుక్ అంచున టైమ్ రాసుకోండి, "23 నిమిషాలు" అని అంతే. రికార్డర్‌లో మార్క్ బటన్ ఉంటే అది నొక్కండి. తిరుగు బస్సులోనో, కోహీర్ దక్కన్ స్టేషన్‌కి వచ్చే రైల్లోనో ఆ ముక్కలు మాత్రమే వినండి. ఫైల్‌కి అదే రోజు తేదీ, సబ్జెక్ట్, టాపిక్‌తో పేరు పెట్టండి.

మాటని అక్షరాలుగా మార్చే యాప్‌ల మీద మరీ ఆశలు పెట్టుకోవద్దు. మన క్లాసుల్లో ఒకే వాక్యంలో ఇంగ్లిష్, తెలుగు, మధ్యలో ఉర్దూ మాట దొర్లుతాయి. అక్కడ అవి తడబడతాయి, ఫార్ములాలైతే చెప్పక్కర్లేదు.

చివరిగా, లెక్చరర్‌ని ముందే అడగండి: "సార్, ఇంటి దగ్గర మళ్లీ వినడానికి రికార్డ్ చేసుకోవచ్చా?" అడిగితే బల్ల మీదే పెట్టుకోమనే అవకాశం ఉంది, దూరం సమస్య అక్కడికక్కడే తీరిపోతుంది. ఆ ఫైల్ మీ చదువుకే. టెలిగ్రామ్ గ్రూపుల్లో, యూట్యూబ్‌లో పెట్టడం వేరే సంగతి, దానికి ఆయన ఒప్పుకోవాలి.

కాబట్టి వరస ఇది: ముందు అనుమతి, తర్వాత ముందు బెంచి, తర్వాత ఫోన్‌తో వారం పరీక్ష. ఈ మూడూ అయ్యాక కూడా అవసరం ఉంటేనే రికార్డర్.