కథ ఎక్కడ ఆపాలి?

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీస్సులు.

విజయవాడ వన్ టౌన్ బడిలో టీచరుగా నీకు మూడో తరగతి ఇచ్చారని రాశావు. పిల్లలు గడగడా చదివేస్తారనీ, చదివినదాంట్లో ఏముందంటే బిక్కమొహం వేస్తారనీ కూడా రాశావు. అది తెలివి తక్కువై కాదే అమ్మడూ. పుస్తకమంటే అప్పజెప్పడానికే అనుకుంటున్నారు వాళ్లు. కొన్నాళ్లు రోజూ పావుగంట నువ్వే చదివి వినిపించు, మధ్యమధ్యలో వాళ్ల చేత మాట్లాడించు.

కోతి, మొసలి కథే తీసుకో. ముందురోజు రాత్రి పైకి చదువుకుని, ఆగాల్సిన చోట పెన్సిలు గీత పెట్టుకో. రెండు మూడు చోట్లు చాలు. ప్రతి వాక్యానికీ ఆగితే పిల్లలకి విసుగు. నది మధ్యకి వెళ్లాక, తన పెళ్లానికి కోతి గుండె కావాలని మొసలి చెప్పేస్తుంది కదా, అక్కడ ఆగు. ‘ఇప్పుడు కోతి ఏం చేస్తుంది?’ అంటే అందరూ చేతులెత్తుతారు. అసలు ప్రశ్న వేరే ఉంది. మొసలి ఆ సంగతి దారిలోనే ఎందుకు బయటపెట్టింది? నోరు మూసుకుని ఇల్లు చేరితే పనైపోయేదిగా! ఒకడు ‘నీళ్లలో ఎటు పారిపోతుందిలే అని’ అంటాడు. ఇంకో పిల్ల ‘స్నేహితుణ్ణి చంపాలంటే బాధేసి’ అంటుంది. ఎవరిదీ తప్పనకు. కథలో ఏ మాట విని అలా అనిపించిందో వెతికించు. ‘కోతి ఏ చెట్టు మీద ఉండేది’ అని వంద అడిగినా ఆ ఆలోచన రాదు.

అడిగాక కాసేపు ఊరుకో. మన టీచర్లకి నిశ్శబ్దం పడదు, జవాబు మనమే అందించేస్తాం.

ఇంట్లో ఉర్దూ, మార్వాడీ మాట్లాడే పిల్లలుంటే మొదట వాళ్ల మాటలోనే చెప్పనియ్. పక్కవాడు తెలుగులో అందుకుంటాడు. కథలో వచ్చే నేరేడు పండంటే తెలియని వాడికి అర్థం రాయించకు. కాలమైతే కాళేశ్వరరావు మార్కెట్‌లో గుప్పెడు కొని చేతిలో పెట్టు.

1988లో అమెరికాలో వైట్‌హర్స్ట్ బృందం, పసిపిల్లలకి ఇలా అడుగుతూ బొమ్మల పుస్తకాలు చదివితే మాటలు బాగా వస్తాయని చూపించింది. మన బుర్రకథలో హాస్య వంత చేసేదీ ఇలాంటిదే: కథకుడికి అడ్డం పడి, వినేవాళ్ల మనసులో ఉన్నదే అడుగుతాడు. నీ తరగతిలో ఆ వంత పిల్లలకే వదిలెయ్.

2020లో రాష్ట్రంలో ‘చదవడం మాకిష్టం’ అని కార్యక్రమం పెట్టారు. మీ బడిలోనూ కథల పుస్తకాలుంటే బీరువా తాళం అడిగి తెరిపించు. చిరిగితే అతికించుకోవచ్చు.

కథ అయ్యాక నీతి అడగొద్దు. మళ్లీ చదవమంటే అదే కథ మళ్లీ చదువు. ఈసారి ఎక్కడ ఆగాలో వాళ్లనే చెప్పమను.

ఇట్లు,
మీ అత్త