నాణ్యత పనిలో మీ మాటకు చోటుందా? – ఈఎస్‌ఐ కార్మికులకు ఒక పాఠం



ఉస్మానియా క్యాంపస్ నుంచి మేనేజ్‌మెంట్ చదివే విద్యార్థులెవరైనా ప్రాజెక్టు పని మీద తార్నాక, హబ్సిగూడ మీదుగా నాచారంలోని మీ ఫ్యాక్టరీకి రావచ్చు. "ఇక్కడ నాణ్యత పద్ధతులు ఎలా ఉన్నాయి? పనిలో తృప్తి ఉందా? ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయండి" అని కాగితం ఇస్తారు. సూపర్‌వైజర్ పక్కనే నిలబడితే చాలామంది నాలుగో ఐదో వేసి ఇచ్చేస్తారు. అలా చేయకండి. టీ టైమ్‌లో నింపి ఇస్తామని చెప్పండి, పేరు రాయకుండా ఉండొచ్చా అని అడగండి.

ఈ రెండు ప్రశ్నలకూ సంబంధం ఏంటి?

నాణ్యత అంటే చివర్లో ఒకాయన నిలబడి బాగాలేని సరుకు ఏరి పడేయడమే అని చాలాచోట్ల అనుకుంటారు. అక్కడ కార్మికుడికి మిగిలేది తిట్లు, చేసిన పనే మళ్లీ చేయడం. నిజానికి తేడా ఎక్కడ వస్తోందో మెషీన్ దగ్గరున్న మనిషికే ముందు తెలుస్తుంది. ఆ మనిషిని అడిగే పద్ధతే క్వాలిటీ సర్కిల్. ఇది జపాన్‌లో 1962లో మొదలైంది. మన దేశంలో తొలిసారి మన రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లోనే 1980లో పెట్టారు. అప్పటి జనరల్ మేనేజర్ ఎస్.ఆర్. ఉడ్పా చొరవ అది. తర్వాత 1982లో సికింద్రాబాద్ కేంద్రంగా క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా ఏర్పడింది.

ఒకేచోట పనిచేసే ఆరు నుంచి పదిమంది దాకా, ఇష్టమున్నవాళ్లే, వారానికి ఓ గంట కూర్చుంటారు. సీసా మూతలు వదులుగా వస్తున్నాయనుకోండి. చేప ముల్లులా ఒక బొమ్మ గీసి, ఒక్కో ముల్లు దగ్గర ఒక్కో కారణం రాస్తారు: మెషీన్ అరిగిందా, మూతల సైజులో తేడా ఉందా, నైట్ షిఫ్టులో వెలుతురు చాలట్లేదా? ఒక్కొక్కటీ పరీక్షించి, దొరికిన పరిష్కారాన్ని మేనేజ్‌మెంట్‌కు వాళ్లే వివరిస్తారు. తన మాటతో మెషీన్ బాగుపడితే ఆ మనిషి మర్నాడు డ్యూటీకి వచ్చే తీరే వేరు. జీతం పెరగకుండా సర్కిల్ ఒక్కటే తృప్తినిస్తుందా అంటే, ఇవ్వదు. మీటింగ్ డ్యూటీ టైమ్‌లో పెడతారా, డ్యూటీ దిగాక ఉండమంటారా అన్నది ముందే తేల్చుకోండి.

సరుకు పాడైందని జీతం కోస్తే?

ఇష్టమొచ్చినట్టు కోయకూడదు. మీకు ప్రత్యేకంగా అప్పగించిన సరుకు, మీ నిర్లక్ష్యం వల్లే పాడైందని తేలాలి. కోసేముందు మీ వివరణ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. జరిగిన నష్టం కంటే ఎక్కువ కోయకూడదు. పేస్లిప్ పట్టుకుని కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లి లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, రసీదు తీసుకోండి.

టార్గెట్ తొందరలో చెయ్యి నలిగితే?

చిన్న దెబ్బే కదా అని ఊరుకోవద్దు. అదేరోజు ప్రమాదాల రిజిస్టరులో రాయించండి. తర్వాత ఇబ్బంది వచ్చేది ఎక్కువగా ఇక్కడే. పనిలో దెబ్బ తగిలి డ్యూటీ చేయలేకపోతే, ఈఎస్‌ఐ సగటు వేతనంలో 90 శాతం ఇస్తుంది. చేరిన మొదటి రోజు దెబ్బ తగిలినా వర్తిస్తుంది. మామూలు జబ్బుకైతే 70 శాతం, ఏడాదిలో 91 రోజుల దాకా. దీనికి మాత్రం ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల చందా కట్టి ఉండాలి. తార్నాక వైపు వాళ్లకు నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రి దగ్గర. బీమా నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకోండి, ఇంట్లోవాళ్లకూ ఇచ్చి ఉంచండి.